తోలుతిత్తి మెఱుగు

స్కాట్లాండు పర్వతసీమలోని పురుషులు ధరించు గళ్ళ కిల్టునకు జేబు లేకపోవుటచేత నడుము ముందు వ్రేలాడు స్పోరన్ అను తోలుసంచి వారికి అవసరమయ్యెను. పంచెకును జేబు లేదు గనుక మనవారును రొంటిని దోపుకొను తిత్తులను బహుకాలము వాడిరి. వానిని చూచినపుడెల్ల నా దృష్టి ముందుగా అంచుమీఁదికే పోవును.

ఆ అంచును తీర్చిన పనివారిని తలఁచుకొన్నపుడు హైదరాబాదు గుర్తునకు వచ్చును. అచ్చట 1795 ప్రాంతమున ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీకిని, ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ అంగడి పెట్టిన అబిడ్సుకును నడుమ దూరము స్వల్పము. సిపాయి తూటాల సంచి మొదలు దొరల బూట్ల వఱకు తోలు లేక ఆ కాలపు వైభవమే లేదు. ఐనను అంగడివాని పేరు పేటకు నిలిచెను గాని, తోలు పదును చేసిన మాదిగ పనివాని పేర ఆ పరిసరమున వీథి యొక్కటియు నే నెఱుఁగను.

సున్నపు నీటిలో వెండ్రుకలూడిన తోలు, లంద యను పదును తొట్టిలో తంగేడుచెక్క వగరును దినదినమును పీల్చుకొనును. బతుకమ్మపై నిలుచు పసుపు పూవును, లందలో నానెడు ఈ చెక్కయు ఒక్క పొద సంతానమే యని తలఁచినపుడు, పూవును పూజించి పనివానిని ఊరి వెలుపల నిలిపిన లోకరీతి నాకు మిక్కిలి బాధ కలిగించును. తంగేటి తోలు ఎండ సోఁకిన ఎఱ్ఱబారును. తుదకు కరక్కాయ కషాయమున ముంచినచో ఆ ఎఱుపు మందగించును. పిదప నూనె పట్టింతురు. నలుపు కావలెనన్న ఇనుపనీరు పూయుదురు. వగరును ఇనుమును కలిసి నల్లనగుట శ్రీకాళహస్తి కలంకారీవారి కసిమి యను నల్లరంగులోను కనఁబడు ధర్మమే.

అసలు నేర్పు అంచు దగ్గఱ తేలును. రంపెతో అంచును పలుచగా చెక్కి, ఆరెతో బెజ్జములు పొడిచి కుట్టి, ఆపై తడిచేసి నున్నని కొయ్యతోఁ గాని ఎముకతోఁ గాని రుద్దఁగా రుద్దఁగా, పొరలన్నియు ఒకదానినొకటి పట్టుకొని కొమ్మువలె గట్టిపడి తళుకులీనును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మదరాసున క్రోము లవణములతోడి పదును పరీక్షించి వ్యాప్తిచేసిన పిమ్మట వారముల పని దినములకు తగ్గెను. గాని క్రోము తోలు అంచు ఇట్టి రాపిడికి లొంగదు, రంగు పూసి కప్పవలసినదే. గుంటూరు మండలమున 1922లో జనించి, 1948లో వెలసిన మదరాసు కేంద్ర తోళ్ళ పరిశోధనాలయమునకు సారథియైన యలవర్తి నాయుడమ్మ ఈ వృత్తికి శాస్త్రగౌరవము తెచ్చెను. చేతిపనికి తగిన కూలి మాత్రము ఇంకను రావలసియున్నది.

1938లో పబ్లిక్ గార్డెన్సున మొదలై 1946లో ప్రస్తుతపు మైదానమునకు మాఱిన నాంపల్లి నుమాయిష్ ప్రదర్శనకు జనవరిలో పోవు పాఠకులారా, అచ్చట తోలుసంచి కనఁబడినచో అంచును వ్రేలితో నిమిరి చూడుఁడు. చేతిరాపిడితో నునుపు దేఱినదైనచో బేరమాడక కొనుఁడు.