చేతిమీట కాఫీయంత్రము: దాని చరిత్రము

కాలము చెల్లిన వస్తువును వస్తుప్రదర్శనశాలయం దుంచుట లోకాచారము. అట్లు కాలము చెల్లినదని వర్తకులు తీర్మానించిన యొక యంత్రము మరల గృహములలో ప్రవేశించి యాదరింపబడుచుండుట చరిత్రకారులు విచారింపదగిన విషయము. ఇటలీదేశమున పుట్టిన ఎస్ప్రెస్సో కాఫీని చేతిమీటతో తీయు యంత్ర మట్టిది. బొత్తాము నొక్కినంతనే గింజలను పొడిచేసి, నీటిని కాచి, గిన్నె నిండ కాఫీ నిచ్చు యంత్రములు బజారున దొరకుచుండగా, ఐరోపా, అమెరికా ఖండములలోను, ఆసియాలోని పెక్కు పట్టణములలోను కొందఱు గృహస్థులు భుజబలముతో మీటను లాగి, రెండు గ్రుక్కల కాఫీకై పావుగంటసేపు శ్రమపడుచున్నారు. ఇది వెఱ్ఱియా, వివేకమా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెను. కారణము తెలియక కార్యమును నిందించుటయు, స్తుతించుటయు రెండును తొందరపాటులే.

ఎస్ప్రెస్సో యను ఇటాలియను పదమునకు పిండి తీయబడిన దనియు, అడిగినవానికై యప్పటికప్పుడు చేయబడిన దనియు అర్థములు చెప్పుదురు. రెండును ఇందు పొసగును. పందొమ్మిదవ శతాబ్దము చివర ఉత్తర ఇటలీయందలి ట్యురిను, మిలాను నగరములు కర్మాగారములతో నిండజొచ్చెను. కాఫీ సిద్ధమగువఱకు కాచుకొని కూర్చుండు తీరిక జనులకు తగ్గెను. ఆవిరిబలముతో రైళ్లు నడచుచుండగా, ఆ బలముతోనే కాఫీ నేల తీయరాదను తలంపు ఆ కాలమునకు సహజము. 1884వ సంవత్సరమున ట్యురినులో జరిగిన ప్రదర్శనమున ఏంజెలో మొరియోండో యను నతడు ఆవిరితో కాఫీ తీయు యంత్రమును చూపి, ఆ యేటనే పేటెంటు పొందెను. కాని యాతని యంత్రము వ్యాప్తికి రాలేదు. 1901లో మిలానువాడగు లుయీజి బెజ్జేరా గిన్నెగిన్నెకు వేర్వేరుగ, కోరినవాని కన్నులయెదుటనే కాఫీ తీయు యంత్రమునకు పేటెంటు కోరెను. దెసిదేరియో పావోని యా హక్కులను కొని, 1905 మొదలు అట్టి యంత్రములను చేయించి విక్రయింపసాగెను. 1906 నాటి మిలాను ప్రదర్శనమున ఈ కొత్త కాఫీ లోకమునకు వెల్లడియయ్యెను.

ఈ తొలి యంత్రములయం దొక చిక్కు కలదు. నీటిని పొడిలోనుండి త్రోయునది బాయిలరులోని యావిరి. ఆ త్రోపుడు వాయుమండలపు ఒత్తిడికి ఒకటిన్నర, రెండు రెట్లకు మించదు. దానిని పెంచవలెనన్న నీటిని మఱింత కాచవలెను. మఱింత కాచిన కాఫీపొడి మాడి చేదెక్కును. ఒత్తిడియు వేడియు కవలపిల్లలవలె ఒకదాని చేయి ఒకటి విడువకుండెను. కావున ఎస్ప్రెస్సో చరిత్ర మనగా ఈ రెంటిని విడదీయుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రమే. 1935లో ఫ్రాంచెస్కో ఇల్లీ యావిరికి మాఱుగ సంపీడితవాయువును వాడి చూచెను. కాని లోకము నాకర్షించిన పరిష్కారము వేఱొకరివలన కలిగెను.

అకీల్లె గజ్జా మిలానున జన్మించెను. కాఫీశాల నడపిన వాడగుటచే ఆవిరియంత్రము దోష మతనికి శాస్త్రగ్రంథములవలన గాక నాలుకవలననే తెలిసెను. ఆవిరి లేకుండ కాఫీ తీయు సాధనమునకు 1938లో నొక పేటెంటు కోరెను. నడుమ ద్వితీయ ప్రపంచసంగ్రామము వచ్చి యా పనికి విఘ్నము కలిగించెను. యుద్ధానంతరము 1947లో మీటతోను ముషలకముతోను పనిచేయు యంత్రమునకు మరల పేటెంటు కోరి, 1948లో తనపేర సంస్థను స్థాపించి యంత్రములను విక్రయించెను. ముషలక మనగా గొట్టములో క్రిందికి మీదికి కదలు బిరడ, ఇంగ్లీషువారి పిస్టను.

దాని పనితీరు చదువరులు సులభముగ గ్రహింపవచ్చును. మీటను క్రిందికి లాగినచో ముషలకము పైకి లేచును, దానిమీది బలమైన స్ప్రింగు ముడుచుకొనును, బాయిలరునుండి కొలతకు దగిన వేడినీరు గొట్టములోనికి వచ్చును. మీటను వదలినంతనే స్ప్రింగు సాగుచు ముషలకమును క్రిందికి త్రోయును. నీరు గట్టిగా నదిమిన పొడిగుండ దూరి, గిన్నెలోనికి సన్నని ధారగా దిగును. ఇందు బాయిలరుపని నీటిని కాచుట మాత్రమే, త్రోయుపని స్ప్రింగుది. కవలల నిట్లు విడదీసిరి. రెండురెట్లున్న ఒత్తిడి యెనిమిది, తొమ్మిది రెట్లకు పెరిగెను. వేడి మాత్రము తొంబది మొదలు తొంబదియైదు డిగ్రీల చెంతనే నిలిచెను. అంత యొత్తిడికి కాఫీయందలి నూనెలును, వేచిన గింజలలో చిక్కియున్న బొగ్గుపులుసువాయువును కలిసి పైని తేనెరంగు నురుగు కట్టెను. ఈ నురుగేమని కొందఱు సందేహింపగా, గజ్జా దానికి కాఫీమీగడ యని పేరిడెను. సందేహహేతువైనదే గుణచిహ్నముగ మాఱెను. నేడు మీగడ లేని ఎస్ప్రెస్సోను ఎస్ప్రెస్సో యనరు.

స్ప్రింగు లేక చేతితోనే ముషలకమును త్రోయు యంత్రములును గలవు. మనుష్యుని చేతి కంత బల మెక్కడిదని యడుగవచ్చును. లెక్క చూతము. ముషలకము అడ్డుకొలత అయిదు సెంటీమీటర్లయినచో దాని వైశాల్యము సుమారు ఇరువది చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు తొమ్మిది కిలోగ్రాముల చొప్పున నూట యెనుబది కిలోగ్రాముల బరువు దానిమీద మోపవలెను. బియ్యపు బస్తా రెండింటిని తలపై నెత్తుకొన్నంత భారము! కాని తులాదండన్యాయముచే, ముషలకము కదలినదానికి పదిరెట్ల దూరము చేయి కదలినయెడల పదునెనిమిది కిలోగ్రాముల బలమే చాలును. ఏతాముతో నీరు తోడు రైతు నెఱిగిన రహస్యమే యిది. శాస్త్రము దానికి పేరు మాత్రము పెట్టినది.

ఇంత మేలైన యంత్రము కాఫీశాలలనుండి యేల తొలగెను? మేము చదువరుల దృష్టిని ముఖ్యముగ త్రిప్పదలచినది ఇచ్చటనే. గృహస్థునకు రెండుసార్లు మీట లాగుట వ్యాయామము. దినమునకు వందలసార్లు లాగువానికి అది భుజములు పీకు చాకిరి. అదియుగాక, పొడి సరిగా నదుమకున్నను, నీరు నిండకమునుపే చేయి జారినను, స్ప్రింగుబలముతో మీట చివాలున పైకెగసి పనివాని దవడను పగులగొట్టగలదు. 1961లో ఎర్నెస్తో వాలెంతే యొక్క ఫాయేమా సంస్థ ఇ-61 అను యంత్రమును వెడలించెను. అందు విద్యుత్తుతో నడచు పంపు నీటిని త్రోయును. పనివాడు చిన్న పిడి త్రిప్పిన చాలును. అది మొదలు పంపుయంత్రములే కాఫీశాలల నాక్రమించెను. కూలికి పనిచేయువాని యెముకలను కాచిన యా మార్పును మేము మనఃపూర్వకముగ ప్రశంసింతుము.

చిత్రమేమనగా, ఆ 1961లోనే లా పావోని సంస్థ ఎవురోపిక్కొలా యను చిన్నయంత్రమును గృహములకై వెడలించెను. అందు స్ప్రింగు లేదు. చేయి యెంత యొత్తిన నంతయే ఒత్తిడి. అంగడినుండి వెడలిన మీట అదే యేట నింట కాలుపెట్టెను. 1967లో స్విట్జర్లండున ఒలింపియా సంస్థవారి క్రెమీనా వెలువడెను. 1973 నాటి జేమ్సుబాండు చలనచిత్రమున కథానాయకుడు తన పై యధికారికి కాఫీ తీసియిచ్చునది లా పావోని మీటయంత్రముతోనే. గత దశాబ్దమున బాయిలరు కూడ లేక, వేఱుగ కాచిన నీటిని పోసి మీట నొక్కు చిన్నసాధనములు బయలుదేఱి, ఈ యాసక్తిని మఱికొందఱికి అందుబాటులోనికి తెచ్చెను.

ఈ యంత్రముల ప్రియులు చెప్పు గుణములు మూడు. మొదటిది స్పర్శజ్ఞానము. పొడి మిక్కిలి మెత్తనిదైన మీట మొరాయించును; బరకయైన నూతిలోనికి చేద జారినట్లు జారును. పంపు చెప్పని యా సంగతి చేతికి తక్షణమే తెలియును. రెండవది యొత్తిడి యొక్క క్రమము. మొదట నెమ్మదిగ పొడిని తడిపి, పిమ్మట బలముగ నొత్తి, తుదకు సడలించుటవలన చేదు తగ్గునందురు. స్ప్రింగు సాగుకొలది దాని బలము తనంతట తగ్గును గదా. పంపుయంత్రములు చేయువారే నేడు విలువైన పరికరములను చేర్చి యీ తగ్గుదల ననుకరించుచున్నారు. మూడవది మన్నిక. ఇందు చెడునవి ముఖ్యముగ రబ్బరు వలయములు; వానిని యజమానియే మార్చి, కొంచెము జిడ్డు పూసి, మరల బిగించుకొనవచ్చును. ఏబదియేండ్లనాటి యంత్రములు నేటికిని పనిచేయుచున్నవి. దోషములును లేకపోలేదు. చిన్నయంత్రమున వరుసగ మూడు నాలుగు గిన్నెలు తీసినచో లోహము కాగి కాఫీ మాడును. అందుచే కొందఱు తడిగుడ్డ చుట్టి చల్లార్తురు. అతిథులు పదిమంది వచ్చిన యింట నిది పనికిరాదు.

పూర్వపక్షులు రెండాక్షేపణలు తెత్తురు. ఇది వృథాశ్రమ యని యొకటి. దీనికి సమాధానము సులభము. శ్రమకు విలువ దాని ఫలము చేతనే గాక, అది యెవరి యిచ్ఛచే జరిగిన దనుటచేతను కలుగును. పొట్టకూటికై లాగినచో చాకిరియైన మీటయే, కోరి లాగినచో విద్యయగును. వీణకు మాఱుగ గ్రామఫోను వచ్చినంతమాత్రమున వీణ నేర్చుట వృథాశ్రమ యని యెవ్వరు నందురు?

ఇది ధనికుల విలాస మని రెండవది. ఇది యంత తేలికగ త్రోసివేయదగినది కాదు. యంత్రముకన్న మర, మరకన్న త్రాసు, త్రాసుకన్న వేఱొక పరికరమని కొనుచుబోవు వానికి నేర్పు పెరుగదు, పెట్టె నిండును. పాతయంత్రమును బాగుచేసికొని వాడువాని ప్రేమయు, ఏటేట కొత్తదానికి పరుగెత్తువాని మోజును ఒక్కటి కావు.

వీరు తేని మూడవ యాక్షేపణను మేమే తెచ్చుచున్నాము. మన తెలుగువారి యిండ్లలో ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడి పోసి, చిల్లులబిళ్లతో నదిమి, మరగిన నీరు పోయుట యెఱుగని వారు తక్కువ. గట్టిగ నదిమిన డికాక్షను దిగదు. వదలుగ నదిమిన నీళ్లనీళ్లగును. మిలానులోని మీటకును మన ఫిల్టరునకును శాస్త్ర మొక్కటియే. అచట త్రోయునది స్ప్రింగు, ఇచట భూమ్యాకర్షణ. ఆ నేర్పును తెల్లవాఱుజామున లేచి తరతరములుగ చూపుచున్న యింటి యాడువారిని కళావిదులని యెవ్వరైన పొగడిరా? పురుషుడు సెలవుదినమున నొకగిన్నె తీసినచో నది కళ, స్త్రీ ప్రతిదినము పదిగిన్నెలు తీసినచో నది విధి యనుట న్యాయము కాదు. అరకులోయలో ఆదివాసులు పండించు కాఫీకి 2019లో భౌగోళికగుర్తింపు లభించెను. దానికి రెండేండ్లముందే అరకు పేరుతో పారిసున కాఫీశాల వెలసెను. ఆ గిన్నెవెనుకను ఒక్కొక్క పండును ఏరిన చేతు లున్నవి.

కావున మా నిశ్చయ మిది. చేతిమీటను ప్రేమించుట వెఱ్ఱి కాదు. తాను త్రాగు దానిని తన చేతితో చేసికొని, చెడినప్పుడు తానే బాగుచేసికొను బుద్ధి యే దేశమునకైనను మేలే చేయును. కాని మీట బరువును తన భుజముపై నెఱిగినవాడు ఇతరుల భుజములపై నున్న బరువును గూడ నెఱుగవలెను. కాఫీశాలలో పనివానికి పంపు నిచ్చి, ఇంట తాను మీట లాగి, గిన్నె తానే కడిగి, వంటయింటి యిల్లాలికి మొదటి గిన్నె నిచ్చువాని యభిరుచియే యభిరుచి.