క్రోసూరు నుంచి సాగర్‌కు మూడు మోటారు సైకిళ్ళు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా వ్రాయమని సంపాదకవర్గ మిత్రులు కోరారు. పలనాటి యుద్ధం గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. గుమాస్తాగా బతికినవాడిని, నాకు తెలిసిన చరిత్ర బిల్లులలోనూ బండ్లలోనూ ఉన్నది. మా తరం ఉద్యోగులు మోటారు సైకిలెక్కి జట్టుగా ఊళ్ళు చూడడం ఎలా నేర్చుకున్నారో వ్రాస్తాను.

నేడు పల్నాడు జిల్లాలో ఉన్న మా క్రోసూరు 1970లలో గుంటూరు జిల్లా సత్తెనపల్లి తాలూకాలోది. క్యాంపుకు పోవాలంటే బస్సు, లేదంటే సైకిలు. మోటారు సైకిలు అడ్వాన్సు మంజూరైనవాడిని పెళ్ళికొడుకును చూసినట్టు చూసేవాళ్ళం. ఆ తర్వాత నెలనెలా జీతంలో కోత సంగతి వేరు! బజాజ్ స్కూటరుకు పేరు నమోదు చేసుకుంటే ఏళ్ళ తరబడి ఎదురుచూపే. అందుచేత చాలామందిమి పాత మోటారు సైకిళ్ళ మీద పడ్డాము.

అప్పట్లో రోడ్డు మీద కనిపించేవి ముఖ్యంగా మూడు. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్ ఒకటి. మైసూరులో ఐడియల్ జావా వారు 1961 నుంచి తయారుచేసిన జావా రెండవది; 1970లలో దానికే యెజ్డి అని పేరు మారింది. పోలండు నమూనా మీద ఎస్కార్ట్స్ వారు తెచ్చిన రాజ్‌దూత్ మూడవది. బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మిగతావాటికి ఇది తారుమారు. జావాకైతే కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. ఒక బండి అలవాటైనవాడు సరదాగా ఇంకొకరి బండి తీసుకుంటే, అడ్డం వచ్చిన గేదెను చూసి బ్రేకనుకుని గేరు తొక్కేవాడు. ప్రయాణంలో బండ్లు మార్చుకోకూడదని మేము పెట్టుకున్న మొదటి నియమం అలా పుట్టింది.

చూడబోయే చోటు ఏదంటే అందరి నోటా సాగరే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. డ్యాము, లాంచీ మీద నాగార్జునకొండ, దారిలో చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల, అన్నీ ఒక్క రోజులో చూసి రావచ్చునని లెక్క.

1979 సంక్రాంతి సెలవుల్లో మా ఆఫీసువాళ్ళం మూడు బండ్ల మీద అయిదుగురం బయలుదేరాము. ముందు నా జావా, మధ్యన బుల్లెట్, వెనక ఒంటరిగా రాజ్‌దూత్ మీద మా యూడీసీ. మంచులో పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, తర్వాత గురజాల దాకా మిరపచేలు. ఆ ఎర్రదనం చూస్తూ బండి తోలుతుంటే కలిగిన ఆనందం ఇప్పటికీ మరువలేదు. అయితే నా బండికి అద్దం లేదు. చూపుకు బాగాలేదని నేనే ఊడదీశాను.

మాచర్లలో ఆగి టీ చెప్పాము. రెండు బండ్లే వచ్చాయి. పెట్రోలులో ఆయిలు కలుపుకోవడానికి ఆగి ఉంటాడని అనుకుని రెండో టీ కూడా తాగాము. నా మనసును ఇన్నేళ్ళుగా తొలుస్తున్నది ఆ రెండో టీయే. వెనక్కి వెళ్ళి చూస్తే, రెంటచింతల దాటిన మలుపు దగ్గర రోడ్డు మీద నూర్చడానికి పరచిన కంది కట్టె మీద బండి జారి పడ్డాడు. ఎవరో రైతు బస్తాలు దింపి, తన ఎడ్లబండిలో పడుకోబెట్టి ఎదురు తీసుకువస్తున్నాడు. ప్రాణం దక్కింది గాని కుడిచెవి వినికిడి పోయింది. తలకు రుమాలే తప్ప ఏమీ లేదు. మా ఎవరికీ లేదు.

అరేబియా లారెన్స్ పేరు విన్నవారికి ఈ కథ కొత్తగా ఉండదు. 1935 మేలో సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి ఆయన మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. ఆరు రోజులకు పోయాడు. చికిత్సకు వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. తలదెబ్బల నుంచి హెల్మెట్టు ఎంత కాపాడుతుందో పరిశీలించి 1941లో ప్రకటించాడు. అయినా బ్రిటన్‌లో హెల్మెట్టు తప్పనిసరి అయింది 1973లో. ఫైలు కదలడం ఎక్కడైనా అంతే! మన 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. 129వ సెక్షను హెల్మెట్టు గురించి. వెనక ఒక్కరికి మించి ఎక్కించకూడదనేది 128. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్టు ఉండాలనే సంగతిని మనవాళ్ళు ఇప్పటికీ పట్టించుకోవడం లేదు.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. అందరికన్నా నెమ్మదిగా తోలేవాడు ముందు నుంచి రెండవవాడు. చెయ్యి తిరిగినవాడు చివర. ముందు బండి దాటిన చెట్టును మనం చేరేలోపు రెండంకెలు లెక్కపెట్టగలగాలి. దుమ్ము ఉంటే నాలుగు. ఒకరి వెనక ఒకరు సూటిగా కాకుండా కాస్త పక్కకు. మలుపు తిరిగే ప్రతిచోటా వెనకవాడు కంటబడేదాకా ఆగడం. ఇది అందరికన్నా నాకే కష్టమైంది, తొందర మనిషిని.

1981లో మళ్ళీ నలుగురం కలిసి అమరావతి వెళ్ళాము. మా యూడీసీ మధ్యలో. నా జావాకు రెండు వైపులా అద్దాలు. అయినా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. కృష్ణ ఒడ్డున బండ్లు ఆపాక ఆయన ఎడమచెవి నా వైపు తిప్పి అన్నాడు: "ఏమయ్యా, పోయింది నా చెవి కదా, నీ మెడ ఎందుకు విరుచుకుంటావు?"