నేటాల్ ఇంజన్ల రెండో బతుకు

మన పెద్దలు ఎక్కి వచ్చిన ఓడల పేర్లు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఓడ దిగాక వారి బతుకులోకి వచ్చిన ఇంజన్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 342 మందితో డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు, అదే ఏడు జూన్ 26న ఈ దేశంలో తొలి రైలు నడిచి. డర్బన్‌లో పాయింట్ రేవు నుంచి మార్కెట్ స్క్వేర్ దాకా, రెండు మైళ్ల దారి. ఇంజను పేరు 'నేటాల్'. మనవాళ్లూ పొగబండీ ఈ రేవుకు ఒకే ఏడాది వచ్చారన్నమాట.

ఆ 'నేటాల్' ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైనది. పదిహేనేళ్లకే దానికి వయసు మళ్లింది. పోర్ట్ సెంట్ జాన్స్ ప్రాంతపు రైతు ఒకాయన కొని, కలపకోత మిల్లుకు పెట్టుకున్నాడు. పట్టాలు పోయినా బాయిలరు గట్టిగా ఉంటే ఇంజను చావదు. దిమ్మెమీద కూర్చోబెట్టి చక్రానికి బెల్టు తగిలిస్తే చాలు, రంపమైనా తిరుగుతుంది, చెరకు గానుగైనా తిరుగుతుంది. చివరకు ఆ పనీ తీరి, అది మట్టిలో పూడిపోయింది. 1943లో దాని భాగాలను తవ్వి తీసి, బాగుచేసి, డర్బన్ స్టేషన్‌లో ప్రదర్శనకు నిలిపారు. చచ్చినదాన్ని మన్నులోంచి లేపి ఇంత మర్యాద చేయడం మనుషుల విషయంలో మనమెక్కడా చూడలేదు!

ఇక ఇక్కడే పుట్టిన ఇంజను సంగతి. 1888లో నేటాల్ గవర్నమెంట్ రైల్వే వారి డర్బన్ వర్క్‌షాపులో ఒక ఇంజను తయారైంది. దక్షిణాఫ్రికాలోనే రూపకల్పన చేసి, ఇక్కడే కట్టిన మొట్టమొదటి ఇంజను అదే. నాటి గవర్నరు పేరున 'హావ్‌లాక్' అన్నారు. రూపకల్పన లోకోమోటివ్ సూపరింటెండెంట్ విలియం మిల్న్‌ది. మొదట ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనుక రెండు చక్రాలు. తరువాత మార్చి ముందు నాలుగు, నడుమ ఆరు, వెనుక రెండు చేశారు. మన భారతదేశంలో తొలి స్వదేశీ ఇంజనుగా పేరుపొందిన ఎఫ్-734 అజ్మీరు కార్ఖానాలో వెలువడింది 1895లో. అంటే డర్బన్ ఏడేళ్లు ముందు. అజ్మీరు ఇంజను ఢిల్లీ రైలు మ్యూజియంలో కొలువుతీరి ఉంది. డర్బన్ స్టేషన్‌లో కొలువు దక్కింది లీడ్స్ నుంచి వచ్చిన 'నేటాల్'కు. సొంతగడ్డ మీద పుట్టిన హావ్‌లాక్‌కు కాదు.

మిల్న్ రూపకల్పన చేసినవే మరో నూరు ట్యాంకు ఇంజన్లు 1888 నుంచి 1900 లోపల గ్లాస్గోలోని డబ్స్ కంపెనీలో తయారై వచ్చాయి. కొండదారుల్లో బరువులు లాగి లాగి, పెద్ద ఇంజన్లు వచ్చాక రైల్వేకు బరువైపోయి, వాటిలో చాలా బొగ్గు గనులకూ ఫ్యాక్టరీలకూ అమ్ముడయ్యాయి. గిర్మిట్ ఒప్పందం తీరినవాడు ఇంకో యజమాని దగ్గర చేరినట్టే. ఈ పోలిక ఊరికే చెప్పడం లేదు. నాటి కాగితాల్లో ఇంజనుకూ ఒక నంబరు ఉండేది, కూలీకీ ఒక నంబరు ఉండేది. 1860 నుంచి 1911 దాకా వచ్చిన 1,52,184 మందికీ అలాగే అంకెలు వేశారు.

నేటాల్ రైల్వే గిర్మిట్ కూలీలను పెద్దఎత్తున పెట్టుకున్న యజమానులలో ఒకటి. కట్టలు పోసినవారు, స్లీపర్లు మోసినవారు, బొగ్గు ఎత్తినవారు మనవారు. నేర్పు పని, మంచి జీతం తెల్లవారివి. 1924 తరువాత ప్రభుత్వం పేద తెల్లవారికి పని చూపించాలని 'సివిలైజ్డ్ లేబర్' విధానం తెచ్చేసరికి, ఆ మోత పని కూడా చాలామందికి దక్కలేదు. ఇంజనుకు దొరికిన రెండో యజమాని వారికి దొరకలేదు. తోటపనికో కూరగాయల గంపకో మళ్లారు.

చెరకు తోటల చిన్న ఇంజన్ల కథ మరీ చిత్రం. రెండడుగుల సన్నదారి మీద, మనవాళ్లు నరికిన చెరకును మిల్లుకు చేర్చినవి అవి. సెజెలా ఎస్టేటుకు 1915లో బ్రిస్టల్‌లోని ఏవన్‌సైడ్ వారు చేసి పంపిన నాలుగో నంబరు ఇంజను తిరిగి ఇంగ్లండు చేరింది. అది ఇక్కడికి వచ్చిన నాటికి చివరి ఓడల వారి అయిదేళ్ల గడువు ఇంకా తీరలేదు. టొంగాట్ చెరకు కంపెనీ కోసం 1945లో బాగ్నల్ వారు చేసిన 'ఇసిబుటు' కూడా అలాగే పుట్టింటికి మళ్లింది. అక్కడి ఔత్సాహికులు రంగులేసి, ఆదివారాల్లో ఆవిరి ఎక్కించి, పిల్లలను కూర్చోబెట్టి తిప్పుతుంటారు. ఇంజన్లకు తిరుగు టిక్కెట్టు దొరికింది. మన తాతలలో చాలామందికి దొరకలేదు, దొరికినా కొందరు వద్దనుకున్నారు.

ఓడల జాబితాల్లో మన పెద్దల నంబరు, ఊరు, తాలూకాతోపాటు యజమాని పేరు కూడా రాసి ఉంటుంది. మీ ఇంట్లోని కాగితంలో యజమాని స్థానంలో 'నేటాల్ గవర్నమెంట్ రైల్వే' అని కనిపిస్తే, దాని నకలు మాకు పంపండి. పెద్దలు చెప్పిన వర్క్‌షాపు మాటలేవైనా జ్ఞాపకముంటే, రెండు ముక్కలైనా సరే, రాసి జతచేయండి.