కంటికురుపు: నింద మామిడిదా?

మామిడిపండ్లు ఎక్కువైతే వేడి చేసి సెగగడ్డలు, కంటికురుపులు లేస్తాయని గోదావరి జిల్లాలలో అనుకొనుట కద్దు. సుశ్రుతుడు ఈ కురుపును 'అంజననామిక' అని, రాగివన్నె గల మెత్తని చిన్న పొక్కుగా వర్ణించాడు. 1880లలో ఆగ్‌స్టన్, రోజెన్‌బాఖ్ అను వైద్యులు చీములో ద్రాక్షగుత్తులవలె పెరిగే స్టాఫిలోకాకస్‌ను గుర్తించిన పిమ్మట అసలు దోషి దొరికింది. ఈ సూక్ష్మజీవి రెప్పవెంట్రుకల మొదళ్ళలోని గ్రంథులలో చేరుటవల్లనే సాధారణంగా కురుపు లేస్తుంది. మాసిన చేతులతో కళ్ళు నలుపుట, రెప్పల అంచుల వాపు, మధుమేహం అందుకు దోహదం చేస్తాయి. ఫలానా తిండి కురుపును పుట్టిస్తుందనుటకు మాత్రం గట్టి ఆధారం లేదు.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలోనే డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో వెలువడిన ఆ మందు స్టాఫిలోకాకస్‌ను కూడ అణచింది. అయినా చాలా కురుపులకు అంతటి మందు అక్కరలేదు. వెచ్చని తడిగుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టి, చిదమకుండ ఉంటే వారం పదిరోజులలో అణగిపోతాయి.