ఉపసంహరణ – ప్రతిష్ఠ: కన్యాశుల్కం తొలి కూర్పు చెప్పే చరిత్ర

1892 ఆగస్టులో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడ అప్పారావు 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఐదంకాలు ఏడయ్యాయి. మధురవాణి పాత్ర నాటకానికే కేంద్రమనదగినంతగా పెరిగింది. తొలి కూర్పు తప్పని గురజాడ ప్రకటించలేదు. మెరుగైనదాన్ని దాని స్థానంలో నిలిపారంతే. కాలక్రమంలో మరుగున పడిన ఆ కూర్పును 1969లో బంగోరె ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో పునర్ముద్రించారు. రచయిత పక్కన పెట్టిన పాఠమే ఆయన పరిణామాన్ని నిరూపించే ఆధారంగా తిరిగి వచ్చింది.

నాటకం పరిశోధన వ్యాసం కాదు, నిజమే. అయినా, అచ్చయిన మాటను మార్చుకొన్న రచయితకు ఏమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ కొంత సమాధానం దొరుకుతుంది. గురజాడ ప్రతిష్ఠకు 1909 వల్ల లోటు రాలేదు, సరికదా అది ఇనుమడించింది. సంస్థాన కొలువులో ఉన్న ఆయన జీవనోపాధి అచ్చు పుస్తకాల లెక్కపై ఆధారపడలేదన్న సంగతి కూడా విస్మరించరానిది. కందుకూరి వీరేశలింగం స్థితి ఇంకొక విధం. జీవితకాలమంతా గ్రాంథిక గద్యానికి ఒరవడి దిద్దిన ఆయన 1919లో, గిడుగు రామమూర్తి ఉద్యమానికి అండగా, వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. ఇది ఏ గ్రంథాన్నీ ఉపసంహరించుకోవడం కాదు, అభిప్రాయాన్ని సవరించుకోవడం. ఆ సంవత్సరం మే నెలలోనే ఆయన కన్నుమూయడంతో కొత్త అభిప్రాయానికి తగినట్టు రాసే వ్యవధి దొరకలేదు. కాని ఆయన గౌరవం తగ్గలేదు.

ఈ ఇరువురూ అప్పటికే పెద్దలు. అసలు విషయం ఇక్కడే ఉంది. విజ్ఞానశాస్త్ర పత్రాల ఉపసంహరణలను పరిశీలించి 2013లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వెలువడిన అధ్యయనం, పొరపాటును రచయితలే బయటపెట్టినచోట వారి పూర్వ రచనల ఉల్లేఖనలు తగ్గలేదనీ, ఇతరులు బయటపెట్టినచోట తగ్గాయనీ తేల్చింది. ఆ పరిశోధక బృందమే 2019లో మరొక సంగతి చూపింది: ఉమ్మడి పత్రం రద్దయినప్పుడు ప్రసిద్ధుడైన సహరచయితకు పెద్దగా నష్టం లేదు, పేరులేని వాడే దెబ్బతింటాడు. పర్యవేక్షకుని పేరు తోడుగా వ్యాసం ప్రచురించే పరిశోధక విద్యార్థికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

యు.జి.సి. 2018 నిబంధనలు గ్రంథచౌర్యానికి సంబంధించినవి. ప్రచురణల్లో సారూప్యం 40 శాతం దాటి 60 శాతం లోపు ఉంటే రచనను ఉపసంహరించుకోవాలి. ఒక వార్షిక ఇంక్రిమెంటు పోతుంది. రెండేళ్లు కొత్త విద్యార్థులకు పర్యవేక్షణ చేయరాదు. 60 శాతం దాటితే రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్లు. తాళపత్రాన్ని తప్పుగా చదివి, తరువాత మరో ప్రతి దొరికి, తన నిర్ణయాన్ని తానే రద్దుచేసుకొనే పండితుడు ఈ శిక్షల పరిధిలోకి రాడు. కాని ‘ఉపసంహరించబడినది’ అన్న ముద్ర ఇద్దరి వ్యాసాలమీదా ఒకే అక్షరాలతో పడుతుంది. నియామక సంఘం ముందు ఆ జాబితా తెరిచినప్పుడు, కారణం చదివే తీరిక అందరికీ ఉండదు.