లొల్ల నుంచి అంతర్వేది దాకా: తింటూ తెలుసుకోవాల్సిన చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టూ ఉన్న సందుల్లో ఇప్పుడు కొత్త రకం యాత్ర ఒకటి జరుగుతోంది. ఊరు తెలిసినవాళ్లు ముందు నడుస్తారు, పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వెనక నడుస్తారు. ఒకచోట హలీం, ఇంకోచోట ఇరానీ చాయ్, మరోచోట ఉస్మానియా బిస్కెట్. తినిపిస్తూనే ఆ వంట ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ వీధి ఎవరు కట్టించారో చెబుతారు. ఇస్తాంబుల్‌లో, బ్యాంకాక్‌లో ఇది ఎందరికో బతుకుతెరువు.

మా కోనసీమలో ఈ పని ఇప్పటికీ చుట్టరికం మీదే సాగుతోంది. ఇక్కడ చుట్టం ఉన్నవాడికి పనసపొట్టు కూర దొరుకుతుంది, పొట్టిక్కలు ఏ పూట ఎక్కడ తినాలో తెలుస్తుంది. చుట్టం లేనివాడు రావులపాలెంలో కారాపి, పూతరేకుల డబ్బా కొనుక్కుని, జాతీయ రహదారి మీదే వెళ్లిపోతాడు. అతనికి మా తిండీ అందలేదు, మా చరిత్రా అందలేదు. ఈ రెంటినీ కలిపి చూపించే నడక కోనసీమకు ఒకటి కావాలి. అది కాలువ పాయలుగా చీలే చోట మొదలై, గోదారి సముద్రంలో కలిసేచోట ముగియాలి. మా కంచంలో ఉన్నదంతా నీళ్లు తెచ్చిపెట్టిందే కాబట్టి నీళ్ల దారే మా దారి.

కాలువకు ముందు కరువు

గౌతమికీ వసిష్ఠకీ మధ్య, దక్షిణాన బంగాళాఖాతం హద్దుగా ఉన్న నేల మాది. నడుమ వైనతేయ పాయ చీల్చుకుని పారుతుంది. చుట్టూ ఇన్ని నీళ్లున్నా ఈ డెల్టా ఒకప్పుడు ఆకలితో చచ్చిపోయింది. వరద వస్తే మునక, వరద పోతే ఎండ. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లలో ఎందరో వలసపోయారు.

ఆ తర్వాత బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట తలపెట్టాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా రాతికట్టు లేచింది. ఇందులో మా కోనసీమ వైపు నీళ్లు బొబ్బర్లంక దగ్గర తలుపుల గుండా కాలువలోకి దిగుతాయి. లొల్ల లాకుల దగ్గర ఆ కాలువ పాయలుగా విడిపోయి కోనసీమ లోపలికి పోతుంది. నడక మొదలుపెట్టాల్సింది ఆ లాకుల దగ్గరే. అక్కడ తినడానికి ఏమీ లేకపోయినా ఫరవాలేదు. తర్వాత తినబోయేదంతా ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి.

ఆత్రేయపురం వాకిళ్లు

లొల్ల నుంచి ఆత్రేయపురం దగ్గరే. కాలువ నీళ్లు వచ్చాక కోనసీమలో వరి సార్వా, దాళ్వా రెండు పంటలుగా నిలబడింది. ఆ బియ్యాన్ని కాగితం కంటే పల్చటి రేకుగా మార్చిన ఊరు ఇది. ఇప్పుడు ఎక్కువగా జయ రకం బియ్యం వాడతారు. నానబెట్టి మెత్తగా రుబ్బి పల్చటి పిండి చేస్తారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డను పిండిలో ముంచి కాలిన కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే, గుడ్డ వచ్చేస్తుంది, రేకు కుండ మీద నిలుస్తుంది. చిరగకుండా దాన్ని తీయడమే అసలు విద్య. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే లేవదు. ఈ పని చేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుంటే పొగలో, వేడిలో గంటల తరబడి లేవరు. తర్వాత నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి చుడతారు.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టుకున్న తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. మిఠాయి చేసేవాళ్లు తమ సంఘానికి ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరు పెట్టుకున్నారంటే, తమ చేతిలోని రేకు ఏ నీళ్లతో పండిందో వాళ్లు మరిచిపోలేదన్నమాట.

వేసవిలో వస్తే ఈ ఊళ్లోనే మామిడి తాండ్ర చూడాలి. చాపల మీద రసం పూసి, ఎండబెట్టి, మళ్లీ పూసి, పొర మీద పొరగా పెంచుతారు. కొనుక్కునే ముందు చూసిన మనిషి బేరమాడడు.

రావులపాలెం నుంచి అమలాపురం

రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు సైకిళ్ల మీద, ఆటోల్లో వచ్చి లారీల్లోకి ఎక్కుతుంటాయి. చక్కెరకేళి, కర్పూర, అమృతపాణి అని పండు తినిపిస్తూ తేడా చెప్పగలిగే రైతు ఒక్కడుంటే అదే పెద్ద పాఠం. నది నడుమ లంక నేలల్లో పండే పంట ఇది. 1986 ఆగస్టు వరదలో ఆ లంకలు ఎంత తుడిచిపెట్టుకుపోయాయో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నీళ్లు పెట్టే చేత్తోనే పట్టుకుపోతాయని మా వాళ్లకు తెలుసు.

కొత్తపేటకు సంక్రాంతి రోజుల్లో రావాలి. ఇక్కడి ప్రభల తీర్థంలో వీధికో ప్రభ, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రం, లేస్తుంది. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కలుస్తాయి. కొన్ని ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటించి, వరిచేల మీదుగా తెస్తారు. తాను నాటిన చేను తొక్కుడుపడినా రైతు అడ్డు చెప్పడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. తీర్థంలో జీళ్లు, ఖర్జూరాలు, చెరకు గడలు కొనకుండా ఇంటికి వెళ్లేవాళ్లుండరు.

అమలాపురంలో మాత్రం నిజంగా కాళ్లతో నడవాలి. గడియార స్తంభం సెంటరు నుంచి మార్కెట్టు వైపు పొద్దున్నే వెళ్తే పనసపొట్టు కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. లేత పనసకాయ చెక్కు తీసి, కత్తితో సన్నగా, ఒకే తీరున తునకలు పడేలా కొట్టడం అందరికీ వచ్చే పని కాదు. దాన్ని ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుపు పట్టించి, ఇంగువ తాలింపు వేసి, చల్లారాక ఆవ కలపాలి. వేడి మీద ఆవ పెడితే చేదెక్కుతుంది. కోనసీమ పెళ్లి భోజనంలో ఇది లేకపోతే విస్తరి వెలితిగా ఉంటుంది. కందాబచ్చలి, మినపరొట్టె, పెసరట్టు ఉప్మా కూడా ఈ ఊళ్లోనే వరసగా రుచి చూపించవచ్చు. దసరాకు వస్తే కొంకాపల్లి, మహిపాల వీధుల చెడీ తాలింఖానా (కర్రసాము, కత్తిసాముల ప్రదర్శన) కూడా చూసి వెళ్లవచ్చు.

అంబాజీపేట: కొబ్బరి భాష

అంబాజీపేటకు పొద్దున పూటే చేరాలి, పొట్టిక్కల కోసం. పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పనసాకు వాసన పిండికి పడుతుంది. పక్కన కొబ్బరి పచ్చడి.

తినడం అయ్యాక కొబ్బరి కొట్లవైపు నడవాలి. ఇది రాష్ట్రంలో పేరున్న కొబ్బరి మార్కెట్టు. ఇక్కడి ధరల పట్టికలో కొత్త కొబ్బరి, కురిడీ, గండేరా, గటగటా, ముక్కుడు నీటికాయ అని ఉంటుంది. చెట్టెక్కేది దింపు కార్మికుడు, పీచు తీసేది ఒలుపు కార్మికుడు. కాయను అటక మీద నెలల తరబడి నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి గుండుగా విడివడి కురిడీ అవుతుంది. అది ఉత్తరాది పూజలకూ పెళ్లిళ్లకూ వెళ్తుంది.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఈ తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఆ రాత్రి పోయింది ఒక పంట కాదు, ఇంటిల్లిపాది రాబడి. మళ్లీ నాటారు, మధ్యలో కోకో వేశారు, అరటి వేశారు. తర్వాత నల్లి వచ్చింది, తెల్లదోమ వచ్చింది. వరి రైతు గతీ అంతే. గిట్టుబాటు లేక, మురుగు పోయే దారి లేక 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశం నివ్వెరపోయింది. అన్నపూర్ణ అని పొగిడించుకున్న నేల, ఈ ఏడు నాటం అన్నది. మా తిండి చూపించేవాళ్లు ఈ మాట దాచకూడదు.

గన్నవరం: అడక్కుండా పెట్టిన అన్నం

గన్నవరం దగ్గర వైనతేయ నది మీదుగా కాలువ పారుతుంది. 1850ల్లో కట్టిన ఆ అక్విడక్టే రాజోలు వైపు దీవికి గోదారి నీళ్లు చేర్చింది. 2000లో వాడుకలోకి వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలయ్యారు. 1909లో కన్నుమూసే దాకా దారినపోయే వాళ్లకు అన్నం పెట్టారు. రేవు దాటి వచ్చినవాళ్లకు అప్పట్లో డబ్బిచ్చినా భోజనం దొరికే చోటు లేదు. వేళగాని వేళ తలుపు తట్టినా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికని బయల్దేరి, దారిలో ఒక పెళ్లివారి బృందం ఆకలితో తన ఇంటికే వెళ్తోందని తెలిసి వెనక్కి తిరిగారని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు పిలుపు వచ్చినా వెళ్లలేదనీ చెబుతారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమెకు ఇంతకంటే తగిన స్మారకం లేదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పుకోవాలి. ఊరి తిండి చరిత్రలో ఎవరు వండారు, ఎవరు పంక్తిలో కూర్చున్నారు, ఎవరు పెరటి వైపు నిలబడి పెట్టించుకున్నారు అన్నది కూడా ఉంటుంది. 2022లో ఏర్పడిన మా జిల్లాకు ఆ ఏడాదే డాక్టర్ అంబేద్కర్ పేరు వచ్చింది. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు అందరివీ అని నిలబడ్డ మనిషి ఆయన. నీళ్ల మీద బతికే కోనసీమకు ఆ పేరు తగినదే. కాబట్టి మా నడక అగ్రహారం వంటల దగ్గరే ఆగకూడదు. దింపు కార్మికుడి చద్దన్నం మూట, దళితవాడల్లో ఎండురొయ్యలు వేసి వండే వంకాయ, గోంగూర, మత్స్యకారుల ఇళ్ల పీతల పులుసు, ఇవన్నీ అంతే గౌరవంతో ఆ వరసలో ఉండాలి.

రాజోలు దీవి, పులస

తాటిపాక దాటి రాజోలు చేరితే గాలి మారుతుంది, ఉప్పు తగులుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం. ఎక్కకుండా ముందుకెళ్తే అంతర్వేది, అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కనే పల్లిపాలెంలో మత్స్యకారుల పడవలు.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారికి ఎర్రనీరు తగలగానే సముద్రంలోని విలస ఏటికి ఎదురీది పులస అవుతుంది. మట్టి దాకలో చింతపండు పులుసు, బెండకాయలు, పైన ఆవకాయ ఊట నూనె. సన్నసెగ మీద కాగాక ఒక రాత్రి ఊరనిచ్చి మర్నాడు తినాలి. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. ఇక్కడా కాటన్ కథే ఉంది. పైకి ఈదే పులసకు ధవళేశ్వరం ఆనకట్టే హద్దయింది. మాకు అన్నం పెట్టిన రాయి చేపకు దారి మూసింది.

పులస పైకి వచ్చేది గుడ్లు పెట్టడానికి. గుడ్లతో ఉన్న తల్లిచేపను పోటీపడి పట్టి, వేలం పాడి, గొప్ప కోసం తినడం వల్ల కూడా ఏటికేడు అది తగ్గిపోతోంది. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి మంచులో వచ్చిన విలసను పులస అని అమ్మేదీ అందుకే. పులస కథ చెప్పండి, మట్టి దాక చూపించండి, వచ్చిన అతిథికి రొయ్యలో పీతలో వండిపెట్టండి. పులస పేరు మీద ఈ నడకను అమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

చేయాల్సిన పని

ఇందుకు కోట్లు అక్కర్లేదు. చరిత్ర చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు అమలాపురం కాలేజీల్లో ఉన్నారు, వాళ్లు దారి చూపగలరు. రేకులు తీసే అమ్మ, పొట్టు కొట్టే మనిషి, దింపు కార్మికుడు, వలవేసే బెస్త తమ పని తామే చెప్పాలి. అలా చెప్పిన ప్రతి గంటకూ వాళ్లకు కూలి ముట్టాలి. పొయ్యి దగ్గర ఫొటో తీసుకుని వెళ్లిపోయే యాత్ర మాకు వద్దు. పంచాయతీలు, పర్యాటక శాఖ కలిసి శుభ్రమైన నీళ్లు, మరుగుదొడ్లు, కాలువ గట్ల మీద నడిచే దారి చూస్తే చాలు. ఆ కాలువల్లోకి చెత్త పోయడం ముందు మనం మానాలి. ఏ నీళ్లతో ఈ తిండి పండిందో ఆ నీళ్లను పాడుచేసుకుంటూ అతిథిని పిలవలేం.

కోనసీమ రాబోయే వాళ్లకు ఒక్క మాట. రావులపాలెంలో డబ్బా కొనుక్కుని వెనుదిరగకండి. లొల్ల లాకుల దగ్గర దిగి, కాలువ వెంట రండి. ప్రతి ఊళ్లోనూ వండినవాళ్లు ఎవరో, వాళ్లకు ఎంత ముడుతోందో అడిగి తినండి.