ఆ ఆట ఈ యంత్రంలో ఎందుకు ఆడదు?

మొన్నామధ్య మందమర్రి వెళ్ళినప్పుడు పాత పుస్తకాల పెట్టె అడుగున ఒక సీడీ దొరికింది. అందులో 1998లో నేనూ, కంపెనీ క్వార్టర్లలో మా పక్కింటి మిత్రుడూ కలిసి తయారుచేసిన చిన్న ఆట ఉన్నది. గనిలోంచి బొగ్గు టబ్బును పట్టాలు తప్పకుండా పైకి చేర్చడమే ఆట. నా లినక్సు కంప్యూటరులో అది కదలలేదు. పక్కనే కూర్చున్న మేనల్లుడు, "నా ఫోన్ల ఎందుకు రాదు మామా?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే. జవాబు కోసం మాత్రం నలభై ఏళ్ళ వెనక్కు పోవలసి వచ్చింది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే బొమ్మ, ధ్వని, మౌసు అన్నీ అదే చూసుకుంటుందని ఇవాళ మనకొక నమ్మకం. డాస్ అట్లాంటిది కాదు. ఫైళ్ళు తెరవడం, మూయడం, ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించడం, దాదాపు అంతవరకే దాని పని. తక్కినదంతా ఆట రాసేవాడి తిప్పలే. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ తెర ఉంటే, దాని మెమరీలోకే నేరుగా రంగులు పోసేవారు. మా వైపు భూగర్భ బాయిలలో పైకప్పుకు ఆసరాగా నిలిపే దుంగను ఆ చోటి ఎత్తు కొలిచి కోసేవారు. మరోచోటికి మోసుకుపోతే పొట్టిదో పొడుగుదో అవుతుంది. ఆనాటి ఆటలూ అట్లా కొలిచి కోసినవే. అది సోమరితనం కాదు. అంత చిన్న యంత్రంతో అంత పని చేయించాలంటే వేరే దారి లేదు.

మా ఆట సంగతికి వస్తే, టబ్బు మెల్లగా నడవడానికి ఊరికే అంకెలు లెక్కపెట్టే ఒక ఖాళీ లూపు పెట్టాము. శిక్షణ కేంద్రంలోని 486 మీద అది చక్కగా సరిపోయింది. మరుసటి ఏడు పెంటియం వచ్చింది. అదే డాస్, అదే ఆట. కానీ టబ్బు కంటికి ఆనకుండా దూసుకుపోయింది!

ఆ రోజుల్లో మన కళాశాలల్లో, శిక్షణ కేంద్రాల్లో సీ భాష అంటే బోర్లాండ్ వారి టర్బో సీయే. విండోస్ ఇంటింటికీ వచ్చాక కూడా ఏళ్ళ తరబడి ఆ నీలిరంగు తెర ముందే పాఠాలు సాగాయి. సీ భాష ఏ యంత్రానికైనా వెళుతుందని మాస్టారు చెప్పేవారు. భాష నిజంగానే వెళుతుంది. గీతలు గీసే గ్రాఫిక్స్ లైబ్రరీ మాత్రం బోర్లాండ్ వారిది, డాస్ గడప దాటదు. తెలుగు పిల్లలు రాసిన పాము ఆటలూ కారు పందాలూ ఎన్ని ఆ గడప లోపలే మిగిలిపోయి ఉంటాయో!

పేరున్న ఆటల కథ మరీ వేరేమీ కాదు. జోర్డన్ మెక్నర్ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'ను 1989లో ఆపిల్ 2 కోసం ఆ యంత్రపు అసెంబ్లీ భాషలో రాశారు. మనం ఆడిన డాస్ రూపం వేరేవారు మళ్ళీ రాసినది. ఇతర యంత్రానికి మార్చడమంటే తిరగరాయడమే. మూలం ఫ్లాపీలు చాలాకాలం కనిపించకుండా పోయి, 2012లో ఆయన తండ్రిగారింట దొరికాయి. 'డూమ్' అదృష్టం వేరు. 1993లో డాస్ ఆటగా వెలువడినా, దాన్ని నెక్స్ట్ కంప్యూటర్ల మీద, చాలావరకు సీ భాషలో రాశారు కనుక ఎటైనా వెళ్ళగలిగింది. 1997 చివర మూలాన్ని అందరికీ ఇచ్చినప్పుడు మాత్రం చిత్రం జరిగింది. డాస్ రూపంలోని ధ్వని లైబ్రరీ పరాయివారిది కావడంతో, దాని బదులు లినక్సు రూపాన్ని విడుదల చేయవలసి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. విండోస్ ఆటలను లినక్సుకు తెచ్చే పనిని లోకి అనే సంస్థ 1998లో వృత్తిగా చేపట్టి 2002లో మూతపడింది. కొనేవారు లేరు. మన దగ్గరైతే, పత్రికలతో ఉచితంగా వచ్చే సీడీలలో తప్ప లినక్సును చూసినవారే అరుదు.

దీన్ని చదువుతున్న మిత్రులకు ఈ బాధ కొత్తది కాదు. ఒక్కో దినపత్రికకు ఒక్కో ఫాంటు ఉన్న కాలంలో, విండోస్ లేనివాడికి తెలుగు వార్త గజిబిజి గీతలే కదా.

మూలం చేతిలో ఉన్నా పని జరగకపోవచ్చు. విండోస్‌తో వచ్చిన పిన్‌బాల్ ఆటను 64 బిట్లకు మార్చబోతే బంతి వస్తువుల్లోంచి దూరి పోయిందనీ, వ్యాఖ్యలు లేని ఆ పాత కోడులో తప్పెక్కడో తేలక ఆటనే తీసేశామనీ మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2012లో రాశారు. తర్వాత ఎవరో ఓపికగా ఆ ఆటను విప్పి, 2021 నాటికి మూలాన్ని తిరిగి కట్టారు. ఇప్పుడది లినక్సులోనూ ఆడుతుంది.

మా ఆటకు అంత ఓపిక ఎవరు పడతారు? కోడు రాసుకున్న నోటుపుస్తకం మిత్రుడి దగ్గర ఉండేది. వాళ్ళ నాన్నగారు రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలతో పాటు అదీ పోయింది. చివరికి డాస్‌బాక్స్‌ను ఆశ్రయించాను. 2002లో మొదలైన ఈ ప్రోగ్రాము ఆటను మార్చదు; కొత్త యంత్రం లోపల పాత యంత్రాన్ని కట్టి చూపుతుంది. వేగం బాగా తగ్గించాక టబ్బు మళ్ళీ మెల్లగా నడిచింది. మేనల్లుడు రెండు నిమిషాలు ఆడి "గింతేనా మామా?" అన్నాడు.

ఆ రాత్రి మిత్రుడికి ఫోను చేశాను. ఆట నడిచిందని చెప్పగానే అతడు అడిగినది ఒక్కటే: మూడో మలుపులో టబ్బు ఊరికే పట్టాలు తప్పేది, ఇంకా తప్పుతున్నదా అని.

తప్పుతున్నది.